ఇంజిన్, గేర్‌బాక్స్ ఇంట్లోనే దింపాలంటే: బరువు ఎప్పుడు దేని మీద ఉందో చూసుకోండి

మీరు అడిగింది ఇది: ముందు చక్రాల డ్రైవ్ ఉన్న నాలుగు సిలిండర్ల పెట్రోల్ కారు, మాన్యువల్ గేర్‌బాక్స్. ఇంజిన్ ఆయిల్ తాగుతోంది, కంప్రెషన్ పడిపోయింది, క్లచ్ కూడా జారుతోంది. ఇంజిన్, గేర్‌బాక్స్ రెండూ కలిపి బయటికి తీయాలి. గ్యారేజీ ఉంది, ఇంజిన్ క్రేన్ అద్దెకు దొరుకుతుంది, తోడుగా ఒక స్నేహితుడు వస్తాడు. ఇది ఇంట్లో అయ్యే పనేనా, ప్రమాదం ఎక్కడ ఉంది?

ఇంట్లో అయ్యే పనే. స్పానర్ పట్టడం వచ్చి, తొందర లేకుండా చేస్తే చక్కగా అవుతుంది. ఇందులో ప్రాణం మీదికి వచ్చేవి మూడే: కారు మన మీద పడటం, ఇంజిన్ మన మీద పడటం, పెట్రోల్ అంటుకోవడం. మొదటి రెండింటికీ మూలం ఒకటే. బరువు ఒక ఆధారం మీద నుంచి ఇంకో దాని మీదికి మారుతుంది, ఆ మారడం మనం గమనించం. అందుకే ప్రతి పెద్ద బోల్టు దగ్గరా ఆగి ఒకటి అడగండి: ఈ బోల్టు ఇప్పుడు ఏ బరువు మోస్తోంది, ఇది ఊడితే ఆ బరువు ఎక్కడికి పోతుంది? జవాబు గట్టిగా చెప్పలేకపోతే స్పానర్ కింద పెట్టేయండి. నేను చెప్పబోయేదంతా దీని చుట్టూ తిరిగేదే.

క్లచ్ ఒక్కటే బాగుచేయాలన్నా, క్రాంక్ వెనక సీల్ మార్చాలన్నా ఇంజిన్ తీయనక్కర్లేదు, గేర్‌బాక్స్ ఒక్కటే దింపితే చాలు. మీకు కంప్రెషన్ కూడా పోయింది కాబట్టి రెండూ తీయడం సరైన నిర్ణయమే.

మొదలుపెట్టే ముందు మీ మోడల్ సర్వీస్ మాన్యువల్ సంపాదించండి. అందులో ముందు చూడాల్సింది ఇంజిన్ పైనుంచి వస్తుందా, కిందినుంచి దిగుతుందా అన్నది. ఈ మధ్య వచ్చిన చాలా ముందు డ్రైవ్ కార్లలో సబ్‌ఫ్రేమ్‌తో (ఇంజిన్ కింద ఉండే ఇనుప చట్రం) సహా కిందికి దింపడమే కంపెనీ పద్ధతి. అప్పుడు ఇంజిన్ నేల మీద ఉంటుంది, బాడీని దాని తల దాటేంత ఎత్తుకు లేపాలి. కారును నిలబెట్టే మామూలు స్టాండ్లు అంత ఎత్తుకు రావు. స్టాండ్ల కింద చెక్కలు పేర్చి, బాడీని క్రేన్‌తో లేపి ఈ పని చేసేవాళ్లను చూశాను, నా సలహా మాత్రం వద్దనే. టూ పోస్ట్ లిఫ్ట్ (రెండు స్తంభాల మధ్య కారును పైకెత్తే యంత్రం) లేకుండా కిందినుంచి దింపే కారు అయితే అంతవరకు గ్యారేజీ వాళ్లకు అప్పజెప్పి, దిగిన ఇంజిన్‌ను ఇంటికి తెచ్చుకోండి. అలాగే హైబ్రిడ్ కారైతే నారింజ రంగు కేబుళ్ల జోలికి పోవద్దు, అవి హై వోల్టేజ్‌వి, ఆ శిక్షణ ఉన్నవాళ్లే చేయాలి. సీఎన్‌జీ కిట్ ఉంటే సిలిండర్‌లో దాదాపు 200 బార్ ఒత్తిడి ఉంటుంది, దాని లైను విప్పడం కూడా కిట్ టెక్నీషియన్ పనే. ఇక్కడినుంచి మీ కారు పైనుంచి వచ్చేదే అనుకుని చెబుతున్నాను.

బరువు సంగతి. అల్యూమినియం బ్లాక్ ఉన్న నాలుగు సిలిండర్ల పెట్రోల్ ఇంజిన్ సుమారు 100 నుంచి 130 కిలోలు ఉంటుంది, మాన్యువల్ గేర్‌బాక్స్ ఇంకో 35 నుంచి 50. ఆల్టర్నేటర్, సెల్ఫ్ మోటార్, మ్యానిఫోల్డ్, మిగిలిపోయిన ఆయిల్ కలుపుకుని 200 కిలోలని లెక్క వేసుకోండి. ఇనుప బ్లాక్ డీజిల్ ఇంజిన్ అయితే ఇంకా చాలా ఎక్కువ. రెండు టన్నుల క్రేన్ కదా, ఇంత చిన్న బరువుకి టెన్షన్ ఎందుకు అనిపిస్తుంది. ఆ రెండు టన్నులు క్రేన్ చెయ్యి (బరువు వేలాడే పొడుగు కమ్మీ) పూర్తిగా లోపలికి ముడిచినప్పటి మాట. చెయ్యి చాపే కొద్దీ అది మోయగలిగేది తగ్గిపోతుంది, చాలా క్రేన్లలో చెయ్యి పొడవు మార్చే రంధ్రాల్లో చివరిదాని దగ్గర 500 కిలోలే. ఏ రంధ్రం దగ్గర ఎంత అనేది ఆ చేతి మీదే రాసి ఉంటుంది, చదవండి. చెయ్యి ఎంత చాపితే కింద కాళ్లు కూడా అంత చాపాలి, లేకపోతే క్రేనే ముందుకు బోర్లా పడుతుంది.

క్రేన్ ఇంటికి రాగానే ఖాళీగా ఆడించి చూడండి. ముఖ్యంగా దించే వాల్వ్. దాన్ని కొంచెం కొంచెంగా వదిలితే చెయ్యి మెల్లగా దిగుతుంది, పావు చుట్టు ఒక్కసారిగా తిప్పితే బరువు ధబేలున పడిపోతుంది. ఏ క్రేన్ ఎంత సున్నితమో ముందే చేతికి తెలియాలి. ఇంజిన్ వేలాడుతున్నప్పుడు నేర్చుకునే విషయం కాదది. కాళ్లు మీ కారు కిందికి దూరుతున్నాయో లేదో, చెయ్యి పైకి లేచినప్పుడు గ్యారేజీ కప్పుకి తగులుతుందో లేదో కూడా అప్పుడే తేలిపోతుంది. క్రేన్ దొరకలేదని కప్పు దూలానికో హుక్కుకో చైన్ పుల్లీ కట్టకండి. ఆ దూలం ఇలా వేలాడే బరువుకోసం కట్టింది కాదు.

నేల గట్టి కాంక్రీటు అయి ఉండాలి, సమంగా ఉండాలి. మట్టి నేల మీద, వాలు మీద ఈ పని మొదలుపెట్టవద్దు. తారు నేల ఎండకు మెత్తబడి స్టాండ్ కాళ్లు దిగబడతాయి. జాకీ కారును లేపడానికే, నిలబెట్టడానికి కాదు. లేపగానే స్టాండ్లు పెట్టి బరువు వాటి మీదికి దింపాలి. ఇటుకలు, సిమెంట్ బ్లాకులు పనికిరావు, అవి ముందు వంగి హెచ్చరించవు, ఒక్కసారిగా పగిలిపోతాయి. స్టాండ్ల మీద పెట్టాక కిందికి దూరేముందు కారును నడుముతో గట్టిగా నాలుగు వైపులా నెట్టి చూడండి. కదిలేదైతే మీరు బయట ఉన్నప్పుడే కదలాలి. ఊడదీసిన చక్రాలను కారు తలుపుల కింది అంచు కింద, రెండు వైపులా పడుకోబెట్టండి. ఖర్చు లేని రెండో రక్షణ అది.

స్టాండ్ల విషయంలో చాలామంది ఆలోచించనిది ఇంకొకటి ఉంది. ముందు డ్రైవ్ కారులో బరువు ఎక్కువగా ముందే ఉంటుంది. ఇంజిన్ తీసేయగానే ఆ 200 కిలోలు పోయి కారు బరువు వెనక్కి జరుగుతుంది. నాలుగు స్టాండ్ల మీద ఉంటే, వెనక స్టాండ్లు మరీ లోపలికి పెట్టి ఉంటే, ఇంజిన్ లేచిన క్షణంలో తోక బరువై ముందు భాగం పైకి లేవొచ్చు. అందుకే వెనక చక్రాలు నేల మీదే ఉంచి, వాటి ముందూ వెనకా చెక్క అడ్డాలు పెట్టి, ముందు మాత్రమే స్టాండ్ల మీద లేపడం నాకు ఇష్టం.

పెట్రోల్ దగ్గరికి వద్దాం. పెట్రోల్ ఆవిరి గాలి కంటే బరువు, నేల వెంట పాకి మూలల్లో చేరుతుంది, కనబడదు. మైనస్ 40 డిగ్రీల చలిలో కూడా అంటుకునేంత ఆవిరి దాని నుంచి లేస్తుంది. కాబట్టి లైను విప్పేముందు గ్యారేజీ తలుపులు బార్లా తీయాలి, హీటర్లు, వేలాడే బల్బు దీపాలు ఉండకూడదు, గ్రైండర్ పని అప్పటికే అయిపోయి ఉండాలి. వెలుతురుకి బ్యాటరీతో నడిచే ఎల్‌ఈడీ లైటు చాలు. పొడి రకం మంటలార్పే సిలిండర్ ఒకటి చేతికి అందేలా, బయటికి వెళ్లే దారి దగ్గర పెట్టండి.

ఒత్తిడి తీయడం తేలికే. ఇంధన పంపు ఫ్యూజు గానీ రిలే గానీ పీకేసి ఇంజిన్ స్టార్ట్ చేయండి. లైనులో ఉన్నది తాగి అదే ఆగిపోతుంది. ఇంకో రెండుసార్లు సెల్ఫ్ కొట్టండి. ట్యాంకు మూత ఒకసారి తీసి పెట్టండి. ఆ తర్వాత కూడా కప్లింగ్ చుట్టూ గుడ్డ చుట్టి, కళ్లద్దాలు పెట్టుకునే విప్పండి, కొంచెం చిమ్ముతుంది. మామూలు ఇంజెక్షన్ కార్లలో 3, 4 బార్ల ఒత్తిడే. డైరెక్ట్ ఇంజెక్షన్ అయితే పంపు తర్వాతి లైనులో వంద బార్లు దాటుతుంది, కామన్ రైల్ డీజిల్ అయితే వెయ్యికి పైమాటే. ఆ ఒత్తిడిలో సన్నగా చిమ్మిన ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. అలాంటి ఇంజిన్ అయితే మాన్యువల్ చెప్పినంతసేపు ఆగాలి, లైను చెక్ చేయడానికి చెయ్యి అడ్డం పెట్టకూడదు. విప్పిన లైను చివరలకు వెంటనే మూతలు బిగించండి.

బ్యాటరీ మాత్రం ఒత్తిడి తీశాక, లైను విప్పకముందే తీసేయాలి. ముందు నెగెటివ్, తర్వాత పాజిటివ్, తర్వాత బ్యాటరీనే బయటికి తీసి దూరంగా పెట్టేయండి. చేతి ఉంగరం, వాచీ అంతకుముందే తీసేయండి. స్పానర్‌కీ బాడీకీ మధ్య ఉంగరం పడితే క్షణంలో ఎర్రగా కాలుతుంది.

కూలెంట్ ఇంజిన్ పూర్తిగా చల్లారాకే దించాలి. అందులో ఉండే ఇథిలిన్ గ్లైకాల్ విషం, రుచికి తియ్యగా ఉంటుంది, అందుకే పిల్లలకీ కుక్కలకీ పిల్లులకీ ప్రమాదం. పళ్లెంలో వదిలేసి భోజనానికి వెళ్లకండి, మూత ఉన్న డబ్బాలోకి పోసి అప్పుడే వెళ్లండి. అదీ, పాత ఆయిలూ కాలువలో పోయకుండా తీసుకునే చోట ఇవ్వండి. ఏసీ గ్యాస్‌ను గాలిలోకి వదలడం చాలా దేశాల్లో చట్టవిరుద్ధం. పైగా చాలా కార్లలో ఉండే ఏసీ గ్యాస్ ఆర్‌-134ఏ మైనస్ 26 డిగ్రీల దగ్గరే మరుగుతుంది, లైను విప్పితే చేతి మీదా కంటి మీదా మంచుకాటు వేస్తుంది. చాలా కార్లలో ఏసీ లైను విప్పే అవసరమే రాదు. కంప్రెసర్‌ను బ్రాకెట్ నుంచి ఊడదీసి, గొట్టాలు అలాగే ఉంచి, పక్కకు జరిపి తాడుతో కట్టేయొచ్చు. గొట్టాలకు వేలాడదీయకండి, బరువు తాడు మీద ఉండాలి. పవర్ స్టీరింగ్ పంపుకీ ఇదే పద్ధతి. దారి లేక లైను విప్పాల్సి వస్తే ముందే ఏసీ మెకానిక్ దగ్గర గ్యాస్ లాగించుకు రండి.

బానెట్ తీసేయండి, కీలు చుట్టూ మార్కర్‌తో గీత గీసుకుని. రేడియేటర్, ఫ్యాను బయటికి, వాటి స్థానంలో ఏసీ కండెన్సర్‌కి అడ్డంగా ప్లైవుడ్ ముక్క. ముందు బంపర్, దాని పైన ఉండే అడ్డపట్టీ బోల్టులతో ఊడేవైతే ఊడదీయండి. అరగంట ఎక్కువ పట్టినా ఇంజిన్‌ను అంత ఎత్తుకు లేపే పని తప్పుతుంది. ఎత్తు తగ్గితే ప్రమాదమూ తగ్గుతుంది.

వైర్లు, గొట్టాలు విప్పేటప్పుడు ప్రతి కప్లర్‌కీ, అది దూరే చోటికీ ఒకే నంబర్ ఉన్న టేపు అంటించండి. విప్పకముందు ఫోటో, విప్పాక ఫోటో. పసుపు రంగు కప్లర్లు ఎయిర్‌బ్యాగ్‌వి, వాటితో పని లేదు, ముట్టుకోవద్దు. సైలెన్సర్ పైపు నట్లకు ముందురోజు రాత్రే తుప్పు వదిలించే ఆయిల్ కొట్టి ఉంచండి. క్లచ్ హైడ్రాలిక్ అయితే స్లేవ్ సిలిండర్‌ను (పెడల్ తొక్కితే క్లచ్‌ను విడిపించే చిన్న సిలిండర్) గొట్టంతో సహా పక్కకు కట్టేసి, పెడల్ మీద కాగితం అంటించండి. ఎవరైనా అలవాటుగా తొక్కితే పిస్టన్ బయటికి వచ్చేస్తుంది. మీ కారులో స్లేవ్ సిలిండర్ గేర్‌బాక్స్ లోపల ఉంటే లైను విప్పి మూత పెట్టక తప్పదు.

బెల్ హౌసింగ్ బోల్టుల గురించి ఒక మాట. ఇంజిన్‌నీ గేర్‌బాక్స్‌నీ కలిపే ఈ బోల్టులు చూడటానికి ఒకేలా ఉంటాయి గానీ పొడవులు వేరు. పొట్టిది పొడుగు రంధ్రంలో పెడితే రెండు చుట్లే పట్టి అల్యూమినియం మర పీకుకొస్తుంది, పొడుగుది పొట్టి రంధ్రంలో పెడితే అడుగు తగిలి, బిగిసిందనిపిస్తుంది గానీ హౌసింగ్ వదులుగానే ఉంటుంది. ఒక పెద్ద అట్టముక్క తీసుకుని హౌసింగ్ ఆకారం గీసి, ఏ బోల్టు ఊడితే దాన్ని అట్ట మీద ఆ చోటే గుచ్చండి. సంచుల్లో వేసి పేర్లు రాయడం కంటే ఇది నమ్మకం. ఇప్పుడైతే ఇవేవీ విప్పొద్దు. రెండూ కలిసే బయటికి రావాలి, నేల మీద విడదీద్దాం.

డ్రైవ్ షాఫ్టులు, అంటే గేర్‌బాక్స్ నుంచి చక్రాలను తిప్పే కడ్డీలు. చక్రం బిగించే హబ్ మధ్యలో ఉండే పెద్ద నట్టు చాలా గట్టిగా బిగించి ఉంటుంది, కారును లేపకముందే, చక్రాల మీద ఉండగానే వదులు చేయండి. స్టాండ్ల మీద ఉన్న కారుకి పొడుగు రాడ్ వేసి లాగడమంటే కారును స్టాండ్ల మీంచి లాగడమే. వదులు చేయడమే, నట్టు పూర్తిగా తీయడం మాత్రం చక్రం లేచాకే. గేర్‌బాక్స్ ఆయిల్ దించాక షాఫ్టును లోపలి జాయింట్ దగ్గర రాడ్‌తో ఎగదోయాలి. షాఫ్టును పట్టుకుని లాగితే గేర్‌బాక్స్ నుంచి రాదు, జాయింటే లోపల విడిపోతుంది. బయటికి వచ్చిన షాఫ్టును తీగతో కట్టండి.

షాఫ్టులు వచ్చాక ఒకటి మారిపోయిందని గుర్తుంచుకోండి: గేరులో పెట్టినా కారు ఆగదు. ఇప్పుడు దాన్ని పట్టుకుని ఉన్నవి హ్యాండ్ బ్రేక్, చక్రాల అడ్డాలు మాత్రమే. ఇంజిన్ తీశాక కారును చక్రాల మీద దింపి తోయాలనుకుంటే ఇంకో జాగ్రత్త కూడా ఉంది. చాలా మోడళ్లలో హబ్ బేరింగ్‌ను నొక్కి పట్టి ఉంచేది ఆ షాఫ్టూ దాని నట్టే. అవి లేకుండా బరువు పెడితే బేరింగ్ పోతుంది. పాత జాయింట్ ముక్కనో, వాషర్లు వేసిన పొడుగు బోల్టునో దూర్చి బిగించాకే దింపండి.

ఇప్పుడు అసలు ఘట్టం, చైన్ కట్టడం. ఇంజిన్‌కి కంపెనీ ఇచ్చిన కొక్కేలు ఉంటే అవే వాడండి. లేకపోతే బ్లాక్‌లోనో హెడ్‌లోనో లోతైన మర ఉన్న రంధ్రాల్లో 8.8 లేదా 10.9 అని (అది బోల్టు బలం గ్రేడు) తల మీద రాసి ఉన్న బోల్టులు వేయాలి. అల్యూమినియంలో బోల్టు మందానికి కనీసం రెట్టింపు లోతు మర పట్టాలి. ఇన్‌టేక్ మ్యానిఫోల్డ్‌కి, వాల్వ్ కవర్‌కి, ప్లాస్టిక్ దేనికీ కట్టొద్దు. చైన్ ఎత్తడానికి పనికొచ్చే గ్రేడ్‌ది, దాని మీద రేటింగ్ ఉన్నది కావాలి. గేటుకి కట్టే గొలుసు కాదు.

చైన్ కోణాన్ని అస్సలు తేలిగ్గా తీసుకోవద్దు. 200 కిలోల ఇంజిన్‌ను రెండు పాయల చైన్‌తో ఎత్తుతున్నారనుకోండి. పాయ అడ్డగీతతో 60 డిగ్రీల కోణంలో ఉంటే ఒక్కో పాయ మీద సుమారు 115 కిలోలు పడుతుంది. 45 డిగ్రీలకు వంగితే 141. 30 డిగ్రీలకు వంగితే ఒక్కో పాయ మీద మొత్తం 200 కిలోలూ పడతాయి, పైగా బోల్టును పక్కకి లాగే బలం 170 దాటుతుంది. ఎత్తు సరిపోలేదని చైన్‌ను పొట్టి చేస్తే జరిగేది ఇదే. లెవెలర్ (క్రేన్ కొక్కేనికీ చైన్లకీ మధ్య తగిలించే అడ్డకమ్మీ) వాడితే కోణం నిటారుగా ఉంటుంది, పిడి తిప్పి ఇంజిన్‌ను అటూ ఇటూ వంచుకోవచ్చు కూడా. క్రేన్‌తో పాటు అదీ తప్పకుండా తెచ్చుకోండి. ముందు డ్రైవ్ కారులో గేర్‌బాక్స్ వైపు కిందికి వంచితే గానీ పక్క పట్టీలు దాటదు, చేత్తో వంచబోతే చేతులు ఇరుక్కుంటాయి.

మౌంటింగ్లు (ఇంజిన్‌ను బాడీకి పట్టి ఉంచే రబ్బరు ఆధారాలు) విప్పే ముందు చైన్‌ను మెల్లగా బిగించండి. ఇంజిన్‌ను లేపడానికి కాదు, దాని బరువు క్రేన్ మీదికి రావడానికి. మౌంటింగ్ రబ్బరునే చూస్తూ ఉండండి. బరువు మోస్తున్నప్పుడు అది ఒకవైపు నొక్కుకుని ఉంటుంది. క్రేన్ పంపు కొట్టే కొద్దీ నొక్కు విడిచి మధ్యకు వస్తుంది. అప్పుడు బోల్టుకి నట్టు తీసి, బోల్టును వేళ్లతో తిప్పి చూడండి. వేళ్లతో తిరిగిందంటే దాని మీద బరువు లేనట్టే, లాగితే జారి వస్తుంది. బిగుసుకుపోయి ఉంటే మీరు తక్కువ ఎత్తారు, లేదా ఎక్కువ ఎత్తారు. సుత్తితో కొట్టి తీయొచ్చు గానీ తీయకండి, ఎందుకంటే ఆ బోల్టు వదిలిన మరుక్షణం ఇంజిన్ కిందికో పైకో గెంతుతుంది, మీ వేళ్లు దాని పక్కనే ఉంటాయి. పంపు సగం కొట్టో, వాల్వ్ వెంట్రుకవాసి వదిలో సరిచేసుకుని మళ్లీ వేళ్లతో తిప్పండి. వరస ఇలా పెట్టుకోండి: కింద ఉండే టార్క్ రాడ్ (ఇంజిన్ ముందుకూ వెనక్కీ ఊగకుండా పట్టేది) ముందు, గేర్‌బాక్స్ వైపు మౌంటింగ్ తర్వాత, ఇంజిన్ వైపుది చివర. ఈ దశలో ఒక్కరే ఉండకూడదు. ఒకరు పంపు దగ్గర, ఇంకొకరు మౌంటింగ్ దగ్గర. ఆపమని ఎవరు అన్నా రెండోవాళ్లు కారణం అడగకుండా ఆగాలి, ముందే అలా మాట్లాడుకోండి.

రెండు మూడు సెంటీమీటర్లు లేపి ఆగండి. లైటు పట్టుకుని చుట్టూ తిరగండి, కిందినుంచి కూడా చూడండి, కానీ కారు కింద దూరకుండా, పక్కనుంచి. మర్చిపోయేవి ప్రతిసారీ దాదాపు ఇవే: ఇంజిన్‌నుంచి బాడీకి పోయే ఎర్త్ పట్టీ, హీటర్ గొట్టాలు, బ్రేక్ బూస్టర్‌కి వెళ్లే వాక్యూమ్ గొట్టం, సైలెన్సర్ మీద ఆక్సిజన్ సెన్సర్ వైరు, గేర్ కేబుళ్లు, స్పీడ్ సెన్సర్, సెల్ఫ్ మోటార్ మీది లావు వైరు. మొదటిదాన్ని అన్నిటికంటే ఎక్కువగా మర్చిపోతారు, నల్లగా జిడ్డు పట్టి కనబడదు.

ఇక్కడ ఒక గుర్తు చూసుకోండి. ఇంజిన్ బరువు పోయే కొద్దీ ముందు స్ప్రింగులు సాగి, చక్రాల మీద ఉన్న కారైతే కొంత పైకి లేస్తుంది, అది మామూలే. కానీ మౌంటింగ్లన్నీ ఊడాక కూడా పంపు కొట్టినప్పుడల్లా ఇంజిన్‌తో పాటు బాడీ లేస్తుంటే, స్టాండ్ల తలలు వదులవుతుంటే, ఏదో ఒకటి ఇంకా పట్టుకునే ఉంది. ఆపేసి దించండి, వెతకండి. ఇంజిన్ బయటికి రావడానికి ఎప్పుడూ బలం అక్కర్లేదు. బలం కావాల్సి వచ్చిందంటే ఇంకా విప్పాల్సింది మిగిలి ఉంది.

తర్వాత అయిదేసి సెంటీమీటర్లు లేపుతూ, ఆగుతూ, లెవెలర్‌తో వంచుకుంటూ పోవాలి. ఇంజిన్‌ను నడిపించాలంటే పక్కనుంచి అరచేత్తో నెట్టండి. ఇంజిన్‌కీ బాడీకీ మధ్య వేళ్లు పెట్టకండి, తల కిందికి పెట్టకండి. కింద పడిన బోల్టు కనబడినా ఇంజిన్ వేలాడుతున్నంతసేపు దాని జోలికి పోకండి. ఒకవేళ జారితే పట్టుకోబోకండి, వెనక్కి అడుగేయండి. ఇనుము పగిలితే మళ్లీ కొనుక్కోవచ్చు.

ముందు పట్టీ దాటగానే క్రేన్‌ను వెనక్కి తీసి, అక్కడే ఇంజిన్‌ను నేలకి జానెడు ఎత్తులోకి దించేయండి. పైన వేలాడుతుండగా గ్యారేజీ దాటించకూడదు. క్రేన్ చక్రాలు చిన్నవి, ఒక నట్టో, కంకరరాయో అడ్డం పడితే క్రేన్ ఆగిపోయి పైనున్న బరువు మాత్రం ముందుకు ఊగుతుంది. కాబట్టి ముందే నేల చీపురుతో ఊడవండి. భోజనానికో, రాత్రి పడుకోవడానికో ఇంజిన్‌ను క్రేన్‌కి వదిలేసి వెళ్లొద్దు. హైడ్రాలిక్ సీల్ ఎంత మంచిదైనా మెల్లగా దిగుతుంది.

విడదీయడం నేల మీద, చెక్క దిమ్మెల మీద. ఇంజిన్ కింద దిమ్మెలు, గేర్‌బాక్స్ కింద విడిగా జాకీ, రెండూ ఒకే ఎత్తులో. చైన్ ఇంకా తగిలించే ఉంచి బోల్టులన్నీ అట్ట మీదికి ఎక్కించాక గేర్‌బాక్స్‌ను తిన్నగా వెనక్కి లాగాలి. రాకపోతే ఒక బోల్టు ఎక్కడో మిగిలి ఉంది, సాధారణంగా సెల్ఫ్ మోటార్ వెనకో, అడుగునో. అతుకులో స్క్రూడ్రైవర్ దూర్చి ఎగదోస్తే అల్యూమినియం ముఖం గాటు పడుతుంది. అన్నిటికంటే ముఖ్యం, ఇన్‌పుట్ షాఫ్ట్ (గేర్‌బాక్స్ నుంచి క్లచ్‌లోకి దూరే కడ్డీ) క్లచ్ ప్లేటులోనే ఉండగా గేర్‌బాక్స్ వాలిపోకూడదు. ఆ బరువంతా ప్లేటు మధ్యభాగం మీద పడి వంగిపోతుంది. పాత ప్లేటు పోతే పోయింది, తిరిగి ఎక్కించేటప్పుడు కొత్త ప్లేటుకి ఇలా అయితే క్లచ్ విడవదు, మళ్లీ మొత్తం దింపాలి.

ఆటోమేటిక్ గేర్‌బాక్స్ అయితే టార్క్ కన్వర్టర్‌ను (ఇక్కడ క్లచ్ బదులు ఉండేది) ఫ్లెక్స్ ప్లేటుకి (క్రాంక్ చివర బిగించిన పలుచని పళ్లెం) పట్టిన బోల్టులు సెల్ఫ్ మోటార్ రంధ్రం గుండా, క్రాంక్ తిప్పుకుంటూ ఒక్కొక్కటే విప్పాలి. కన్వర్టర్ గేర్‌బాక్స్‌తోనే ఉండిపోవాలి. విడిపోయిన వెంటనే దానికి అడ్డంగా ఒక పట్టీ కట్టండి, లేకపోతే ఆయిల్‌తో నిండిన ఆ బరువైన డబ్బా మీ పాదం మీదికి జారుతుంది. వెనక చక్రాల డ్రైవ్ కారులో గేర్‌బాక్స్ ఒక్కటే కిందినుంచి తీసేవాళ్లు మామూలు జాకీ తల మీద దాన్ని బ్యాలెన్స్ చేయకండి, పట్టీతో కట్టే గేర్‌బాక్స్ జాకీయే వాడండి. ఛాతీ మీదికి దింపుకోవడం అసలే వద్దు.

ఇంజిన్‌ను ఇంజిన్ స్టాండ్‌కి (విప్పి బాగుచేసేటప్పుడు ఇంజిన్‌ను పట్టి ఉంచేది) ఎక్కించేముందు క్లచ్, ఫ్లైవీల్ తీయాలి, స్టాండ్ పట్టుకునేది ఆ ముఖాన్నే. మూడు చక్రాల స్టాండ్ పక్కకి ఒరుగుతుంది, నాలుగు చక్రాలది తీసుకోండి. బోల్టులు పూర్తిగా పట్టాయని చూశాక కూడా చైన్‌ను ఒక్కసారిగా వదలకండి. బరువు మెల్లగా స్టాండ్ మీదికి దించి, అది ఎంత వంగిందో చూసి, అప్పుడు కొక్కెం తీయండి.

మిగిలిన ఖాళీ కారును తోసి పక్కన పెట్టాల్సి వస్తే, లోపల ఒకరు కూర్చుని హ్యాండ్ బ్రేక్ పట్టుకుని ఉండాలి. ఇంజిన్ లేదు కాబట్టి బ్రేక్ బూస్టర్‌కి వాక్యూమ్ రాదు, పెడల్ రాయిలా ఉంటుంది, స్టీరింగ్ కూడా బరువెక్కుతుంది. తోసేవాళ్లు కారు వెనకే ఉండాలి, ముందు ఎవరూ నిలబడకూడదు. ఆగగానే ముందు అడ్డాలు, తర్వాతే చేతులు వదలడం.